అనౌన్సరమ్మ కుర్చీకి కొత్త బ్యాటరీలు

ఆ బస్‌స్టేషన్లో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. ముఖం తెలిసినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మేడ మీద, మూడు వైపులా అద్దాలున్న చిన్న గదిలో, మైకు ముందు కూర్చుని పదిహేడేళ్ళుగా బస్సుల రాకపోకలు చెబుతోంది. డ్రైవర్లూ కండక్టర్లూ ఆమెను అనౌన్సరమ్మ అంటారు. ఇంట్లోవాళ్ళు కూడా ముద్దొచ్చినప్పుడు అదే అంటారు, కోపమొచ్చినప్పుడూ అదే అంటారు.

పంతొమ్మిదో ఏట వచ్చిన జ్వరం పది రోజుల్లో తగ్గింది. కాళ్ళలోకి నడక మాత్రం తిరిగి రాలేదు. మొదటి ఎనిమిదేళ్ళూ చేత్తో తోసే కుర్చీ. ఎక్కడికి వెళ్ళినా వీపు వెనక ఎవరివో చేతులు, ఎవరిదో ఊపిరి, ఎవరిదో తొందర. కిటికీ దగ్గర కాసేపు ఆగాలంటే ముందుగా ఆ చేతులకు చెప్పాలి. మేఘాన్ని చూడాలన్నా ఒకరిని అడగాల్సిన రోజులవి.

పెళ్ళయ్యాక కొన్నేళ్ళకు బ్యాటరీ కుర్చీ వచ్చింది. కుడి చేతి కింద చిన్న మీట. ముందుకు నొక్కితే ముందుకు, పక్కకు వంచితే పక్కకు. మొదటి రోజు ఆమె వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ ఏ పనీ లేక, గోడ మీద పాకుతున్న చీమల వరుసను చూస్తూ ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. నిలబడిపోయింది అనే చెప్పింది ఇంటికొచ్చి. ఎవరూ ఆ మాటను సరిదిద్దలేదు.

ఆమె భర్త ఆస్పత్రి వంటశాలలో వంటమనిషి. అంతకుముందు బస్‌స్టేషన్ క్యాంటీన్లో పనిచేసేవాడు. "అందరూ ముఖం చూసి చేసుకుంటారు, నేను గొంతు విని చేసుకున్నాను" అంటాడు. "విన్నారు సరే, ఇప్పుడెందుకు వినరు?" అంటుంది ఆమె.

గడచిన మంగళవారం ఆ కుర్చీ ఆగిపోయింది.

ఆమె గదికి వెళ్ళాలంటే పొడవాటి ర్యాంపు ఎక్కాలి. మధ్యలో ఒక మలుపు ఉంటుంది. కింద ఉన్నప్పుడు మీట పక్కన మూడు దీపాలు వెలుగుతున్నాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి రెండు ఆరిపోయాయి. మూడోది ఎర్రగా రెండుసార్లు మిణుకుమంది, అంతే. మోటారు నిట్టూర్చినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది. ఇద్దరు కూలీలు వచ్చి వెనక చేతులు వేసి తోశారు. మంచివాళ్ళు. అయినా వీపు మీద ఆ పాత చలి మళ్ళీ తగిలింది ఆమెకు.

స్టేషన్ ఆఫీసరు కూడా చెడ్డవాడు కాదు. అదే చిక్కు.

"అమ్మా, రికార్డు చేసిన గొంతుతో ఒక పెట్టె వచ్చింది పై నుంచి. దానికి సెలవులుండవు, దగ్గు రాదు. మీరు కింద ఫైళ్ళ గదిలో హాయిగా కూర్చోండి. ఎక్కడం దిగడం ఉండదు" అన్నాడు.

"ఫైళ్ళతో ఏం మాట్లాడతానండీ" అంది ఆమె.

ఆయన నవ్వాడు, తరువాత కాస్త ఆలోచించాడు. "సరే. సోమవారం ఉదయం ఆరు గంటల షిఫ్టు మీది. ఎవరూ తోయకుండా మీ అంతట మీరు పైకి వస్తే మైకు మీదే. మళ్ళీ మలుపులో ఆగితే మాత్రం ఆ పెట్టె ఆన్ చేస్తాను. ఏమనుకోకండి."

ఏమనుకోకండి అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

*

అందుకని ఆ ఆదివారం ఇంట్లో గుమ్మం పక్కన రెండు కొత్త బ్యాటరీలు కూర్చుని ఉన్నాయి. అట్టపెట్టెల్లో, పక్కపక్కనే, మొదటిసారి ఇంటికొచ్చిన చుట్టాల్లాగ. ఒక్కోటి పదిహేను కిలోలు దాటే ఉంటుంది.

రెండూ ఎందుకంటే, మొట్టమొదట మార్చినప్పుడు ఒకటే మార్చారు. రెండోది ఇంకా బాగానే ఉంది కదా అన్నాడు భర్త. రెండూ ఒకే వైరుకు కట్టిన బ్యాటరీలు. పాతదాని అలసటను మోసీ మోసీ కొత్తది మూడు నెలల్లో ముసలిదైపోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో నియమం: మారిస్తే రెండూ ఒకేసారి, రెండూ ఒకే రకం, ఒకే సైజు.

ఆ నియమాలన్నీ ఆమెకు కంఠస్థం. కుర్చీతో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఆమె బస్సుల టైంటేబుల్ చదివినట్టు చదివి గుండెల్లో పెట్టుకుంది. దానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక మెకానిక్కు వచ్చి వట్టి ఇనుప స్పానరుతో నట్టు విప్పుతూ, స్పానరు తోకను బ్యాటరీ రెండో కొసకు తగిలించాడు. టప్పుమని నీలంగా ఒక మెరుపు. స్పానరు అంచు కొరికినట్టు నల్లగా ఊడింది. గదిలో కాలిన వాసన సాయంత్రం దాకా పోలేదు. ఆ మెకానిక్కు చెయ్యి దులుపుకుని "ఏం కాలేదమ్మా" అన్నాడు. ఆ రోజే ఆమె నిర్ణయించుకుంది, ఇక మీదట తన కుర్చీ పొట్ట తన మాట మీదే తెరుచుకోవాలని.

మాట ఆమెది. చేతులు మాత్రం తోటికోడలివి.

తోటికోడలు పక్క వాటాలోనే ఉంటుంది. కుట్టుపని చేస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు తీసేసే రకం. ఆమె వేళ్ళకు తెలియని నట్టు లేదు, ముడి లేదు. అనౌన్సరమ్మ ఆమెను అక్కా అంటుంది. అక్క ఈమెను బుద్ధి పుట్టినట్టు పిలుస్తుంది.

పని చేసే పద్ధతి వాళ్ళిద్దరే కనిపెట్టుకున్నారు. బ్యాటరీలు మార్చేటప్పుడు అనౌన్సరమ్మ కుర్చీ దిగి మంచం మీద కూర్చుంటుంది. కుర్చీ వీపు ఇటు తిరిగి ఉంటుంది కాబట్టి లోపలేం జరుగుతోందో ఆమెకు కనిపించదు. అందుకని ఆమె ఒక మాట చెబుతుంది. అక్క ఆ మాటను తిరిగి చెప్పి, పని చేసి, చేతులు పైకెత్తి, "అయింది" అంటుంది. అయింది అన్న తరువాతే తరువాతి మాట. చేతులు లోపల ఉండగా అయింది అనకూడదు. ఆ ఒక్క మాటే ఆమెకు కళ్ళు.

పది గంటలకు మొదలుపెట్టారు. కిటికీలు తెరిచారు. వంటింట్లో స్టవ్ ఆర్పేశారు.

"ఉంగరం" అంది అనౌన్సరమ్మ.

"ఉంగరం తీశాను. అయింది."

"గాజులు."

"గాజులు తీశాను. గొలుసు కూడా తీశాను, నువ్వు అడక్కముందే. కావాలంటే పళ్ళు కూడా తీస్తాను."

"ఇనుప పళ్ళు కాదుగా, ఉండనీ."

అన్నీ ప్లాస్టిక్ బొత్తాల డబ్బాలోకి వెళ్ళాయి. భర్త చొక్కా చేతులు మడుచుకుంటూ, "నేనేం తియ్యాలి వదినా? నా ఒంటి మీద ఉన్నదల్లా పొట్టే" అన్నాడు.

"అది తియ్యడం మా వల్ల కాదులే మరిదీ. వాచీ తియ్యి చాలు."

చేతి తొడుగులు వేసుకున్నారు. అక్క స్పానర్లు తీసింది. వాటి నోరు తప్ప ఒళ్ళంతా నల్ల టేపు చుట్టి ఉంటుంది, చలికి స్వెట్టర్లు తొడిగిన పిల్లల్లా.

"కుర్చీ స్విచ్చి ఆపు. ఛార్జర్ గోడకు లేదు కదా చూడు."

"ఆపాను. లేదు. అయింది."

"సీటు ఎత్తి, మూత తియ్యి."

మూత వచ్చింది. లోపల దుమ్ము, ఏళ్ళ తరబడి వీధుల్లో పోగుచేసుకున్న దుమ్ము, మెత్తగా బూడిద రంగులో పరుచుకుని ఉంది. అక్క దాన్ని ఆరిన గుడ్డతో తుడిచింది. వైర్ల రంగులు వెలిసిపోయాయి. ఏది ఎర్రదో ఏది నల్లదో పగటి వెలుతురులోనే పోల్చుకోవాలి. అక్క దగ్గర దానికి మందు ఉంది. జేబులోంచి దారపు ఉండలు తీసి, విప్పకముందే ఒక్కో వైరుకూ ఒక్కో దారం కట్టింది. ప్లస్సుకు ఎర్రదారం, మైనస్సుకు నల్లదారం. మొదటి బ్యాటరీవాటికి ఒక ముడి, రెండోదానివాటికి రెండు ముడులు. రెండింటినీ కలిపే పొట్టి వైరుకు పసుపు దారం. భర్త ఫోనుతో ఒక ఫోటో కూడా తీశాడు.

"పెళ్ళి ఫోటోలు కూడా ఇంత శ్రద్ధగా తియ్యలేదు" అంది అనౌన్సరమ్మ.

"అప్పుడు వైర్లు లేవు" అన్నాడు అతను.

"మెయిన్ ప్లగ్గు ఊడదియ్యి. తరువాత నల్లది. ముందు నల్లదే. తరువాతే ఎర్రది."

"ప్లగ్గు, ముందు నల్లది, తరువాత ఎర్రది."

"ఊడిన కొస ఊడినట్టే టేపు వెయ్యి."

నట్లు ఒక్కొక్కటే వదిలాయి. వదిలినప్పుడల్లా అక్క గొంతులో చిన్న సంతోషం వినిపించేది. మెడ దగ్గర బిగుతుగా ఉన్న బొత్తం విప్పుకున్నట్టు. అనౌన్సరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. బస్సు రివర్సు చేస్తుంటే వెనక తట్టే కండక్టరు చేతిని డ్రైవరు ఎలా వింటాడో అలా.

ఎత్తడం ఇద్దరి పని. ఒకవైపు అక్క, ఒకవైపు భర్త. పట్టీ పట్టుకుని, మోకాళ్ళు వంచి, నడుము వంచకుండా. పాత బ్యాటరీలు బయటికి వచ్చి, గోడ వారగా చెక్క మీద నిటారుగా నిలబడ్డాయి. తలల మీద టేపు. వాటిని రేపు కొట్టువాడే తీసుకుపోతాడు. చెత్తలో వెయ్యకూడదు, పడుకోబెట్టకూడదు.

ఏళ్ళ తరబడి తనను మోసిన బరువు అలా గోడకు ఆనుకుని ఉంటే, అనౌన్సరమ్మకు వాటితో ఒక మాట అనాలనిపించింది. ఏమనాలో తోచక, "కాస్త నీడకు జరపండి" అంది.

కొత్తవి పాతవాటి స్థానంలో, పాతవి ఎటు తిరిగి కూర్చున్నాయో అటే తిరిగి కూర్చున్నాయి. అప్పటికి ఒంటిగంట కావస్తోంది. భర్త చేతులు కడుక్కున్నాడు. ఆదివారం రెండో పూట వంట అతనిదే. మూడు వందల మంది రోగులకు సాయంత్రం అన్నం ఆలస్యం కాకూడదు.

"మిగతాది వైర్లే కదా, మీ ఇద్దరి మధ్య నేనెందుకు" అంటూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు తిరగేసి. ముందు ఎర్రది, చివర నల్లది."

"ముందు ఎర్రది, చివర నల్లది."

దారాలు చూసుకుంటూ అక్క బిగించింది. రబ్బరు టోపీలు తొడిగింది. నుదుటి మీద చెమట కారి కంట్లో పడుతుంటే ఎడమ ముంజేతితో తుడుచుకుంది. నుదుటికి ఏదో సన్నగా గీరుకుంది.

చేతిని చూసుకుంది.

తొడుగు అంచుకు పైన, ముంజేతి మీద, గుండుసూదుల బిళ్ళ ఉంది.

అది అయస్కాంతపు బిళ్ళ. పట్టీతో కట్టుకుంటుంది. దాని మీద గుండుసూదులు ముళ్ళపందిపిల్లలా నిక్కబొడుచుకుని ఉంటాయి. పొద్దున్న లేవగానే కట్టుకుని, రాత్రి మిషను మూశాక విప్పుతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఉంగరం పెట్టుకునేది, గాజులు వేసుకునేవి, గొలుసు తగిలించుకునేది. ఈ బిళ్ళ మాత్రం ఆమె లెక్కలో పెట్టుకునేది కాదు. అది చెయ్యే. చేతిని ఎవరు తీసి డబ్బాలో పెడతారు?

లెక్కపెట్టింది. ఆమె సూదులు ఇరవై నాలుగు. ఎప్పుడో ఒక పసిపాప గౌను మెడలో ఒక సూది ఉండిపోయి, ఆ పాప ఏడ్చిన ఏడుపు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. అప్పటినుంచి ఇరవై నాలుగూ చూడనిదే మిషను మూత వెయ్యదు.

ఇరవై మూడు ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై మూడే.

"అక్కా, టోపీలు అయ్యాయా?"

"నాలుక పిడచకట్టింది. మంచినీళ్ళు తాగి వస్తా" అని అక్క తన వాటాలోకి వెళ్ళింది.

నీళ్ళు తాగలేదు. పొద్దున్న ఒక లంగా అంచు మడిచి సూదులు గుచ్చి, కుట్టాక తీసేసింది. ఒకటి అక్కడ ఉండిపోయిందేమో. అంచంతా వేళ్ళతో తడిమింది. లేదు. మిషను కింద, చాప మీద, గుడ్డ పీలికల్లో చూసింది. లేదు. తలుపు దగ్గర నిలబడి ఒక్క క్షణం ఆలోచించింది. మూత పెట్టేస్తే ఎవరికీ తెలియదు. మంచం మీద కూర్చున్న మనిషికి లోపల కనిపించదు. ఆ సూది వీధిలో పడిందేమో, గాలికి పోయిందేమో, అసలు నిన్న రాత్రి లెక్కే తప్పిందేమో. బరువెత్తే మరిది వెళ్ళిపోయాడు. విప్పితే మళ్ళీ ఎవరు ఎత్తుతారు? సాయంత్రం లోగా ఛార్జింగు పెట్టకపోతే రేపు పొద్దున్నకి ఎలా అవుతుంది? ఆ మైకు పోతే దానికి కారణం తను.

వెనక్కి వచ్చింది. అనౌన్సరమ్మ అదే భంగిమలో కూర్చుని ఉంది, కళ్ళు మూసుకుని.

"అయిందా అక్కా?"

"అయింది అనను" అంది అక్క. "ఒక గుండుసూది తక్కువైంది."

"బిళ్ళ కట్టుకునే ఉన్నావా?"

"కట్టుకునే ఉన్నా. నువ్వు ఉంగరం అన్నావు, గాజులన్నావు. బిళ్ళ అనలేదు. నాకూ గుర్తు రాలేదు. నాకది ఒంటి మీదున్నట్టే తెలియదు."

"లోపల పడిందా?"

"తెలియదు. ఇంట్లో లేదు. ఇప్పుడే వెతికొచ్చా."

అనౌన్సరమ్మ కళ్ళు తెరిచింది. పెదవులు కొరుక్కుంది. లోపల పడిన సూది ఏ మూలో పడి ఏళ్ళ తరబడి నిద్రపోవచ్చు. లేదా ఏ గుంత దగ్గరో కుదుపుకు జారి, రెండు కొసల మధ్య అడ్డంగా పడుకోవచ్చు. సన్నటి ఇనుము ఎర్రగా కాలి, పక్కన వైరు కరిగి, ఆ పైన సీటు, ఆ సీటు మీద...

"ఏమీ కాకపోవచ్చు" అంది అక్క, చాలా నెమ్మదిగా.

"కాకపోవచ్చు. పదిహేడేళ్ళలో మైకులో ఆ మాట నేనెప్పుడూ అనలేదక్కా. బస్సు రావచ్చు, రాకపోవచ్చు అంటే ఎవరెక్కుతారు?"

"రేపు నీ ఉద్యోగం..."

"ఉద్యోగం తరువాత సంగతి. ముందు దాని మీద కూర్చునేది నేను. తియ్యి. ఇప్పుడే. ఎంతయింది టైము?"

"ఒకటిన్నర."

"పుస్తకంలో పది గంటలు ఛార్జింగు అని ఉంది. అయిదింటికి పెట్టినా చాలు. బావగారిని లేపు."

అక్క ముఖం మాడింది. "ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని లేపాలంటే బస్టాండు మైకు కావాలి."

"తలుపు తెరువు" అంది అనౌన్సరమ్మ.

ఆమె అరవలేదు. మామూలు గొంతుతోనే, పొట్టలోంచి, ఒక్కో మాట విడదీసి అంది: "ప్రయాణికులకు గమనిక. పక్క వాటాలో పడుకున్న బావగారు వెంటనే ఇక్కడికి రావలసిందిగా కోరుతున్నాము."

రెండోసారి చెప్పబోతుండగా బావగారు వచ్చారు. లుంగీ సర్దుకుంటూ, బుగ్గ మీద దిండు ముడతలతో. ఆయన తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే మనిషి. బరువైన పని ఏదైనా ఇంకో కౌంటరుకి పంపించడం ఆయనకు అలవాటు.

"నడుం నొప్పి కదమ్మా నాకు."

"అందుకే నడుం వంచొద్దంటున్నా బావగారూ. మోకాళ్ళు వంచండి. ముందు ఉంగరం తియ్యండి."

"ఇది రాదు. ఇరవై ఆరేళ్ళుగా రాలేదు."

"రాకపోతే సబ్బు పెట్టండి."

"మీ అక్క తొడిగింది. అప్పట్లో నా వేలు సన్నం."

"అప్పట్లో అన్నీ సన్నమే" అంది అక్క, సబ్బు నురగ ఆయన వేలికి పూస్తూ. తిప్పింది, లాగింది, మళ్ళీ తిప్పింది. చివరికి ఉంగరం జారి వచ్చింది. దాని కింద చర్మం తెల్లగా, ఎండ చూడని పుట్టుకనాటి చర్మంలా మెరిసింది. ఇద్దరూ ఆ తెల్లటి గీతను కాసేపు చూశారు. ఎన్నేళ్ళ ఎండలో తిరిగాడో ఆ మనిషి అని మొదటిసారి తెలిసినట్టు అక్క చూసింది. అప్పుడు తన బిళ్ళ విప్పి, ఉంగరంతోపాటు బొత్తాల డబ్బాలో వేసింది.

మళ్ళీ మొదటినుంచి. నల్లది ముందు, ఎర్రది తరువాత. టేపు. పట్టీలు. బావగారు "అబ్బా" అంటూ, "ఆగండి" అంటూ, అయినా సరిగ్గానే ఎత్తారు. రెండు బ్యాటరీలూ చెక్క మీదికి వచ్చాయి. పెట్టె ఖాళీ అయింది.

అక్క వంగి చూసింది. నల్లటి ప్లాస్టిక్ అడుగు. ఏమీ లేదు. చేత్తో తడమబోయింది.

"చెయ్యి వద్దు, గుచ్చుకుంటుంది. బ్యాటరీలు దూరంగానే ఉన్నాయిగా? నీ బిళ్ళలో సూదులన్నీ తీసేసి, దాన్ని గుడ్డలో చుట్టి, అడుగంతా తిప్పు."

అక్క తిప్పింది, ఇస్త్రీ చేసినట్టు, అంచునుంచి అంచుకు. ఎడమ మూలలో, రెండు బ్యాటరీల నడుమ ఉండే గట్టు పక్కన, టిక్ మని ఒక చప్పుడు. అంత చిన్న చప్పుడు. వాన మొదటి చినుకు రేకు మీద పడ్డట్టు.

గుడ్డకు అతుక్కుని వచ్చింది సూది. తెల్లటి పూసతల. అక్క సూదుల్లోదే.

"ఇరవై నాలుగు" అంది అక్క. తరువాత నేల మీద చతికిలబడి కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు గాని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది.

"ఇంత దానికా నన్ను లేపారు" అన్నారు బావగారు.

"ఇంత దానికే" అంది అనౌన్సరమ్మ. "అక్కా, పుస్తకం చివరి పేజీలో రాయి. ఉంగరం, గాజులు, గొలుసు, వాచీ. ఆ తరువాత, బిళ్ళ."

"నేను చెప్పేదాన్ని కాదేమో తెలుసా" అంది అక్క, రాస్తూ. "గుమ్మంలో నిలబడి ఆలోచించా. మూత పెట్టేద్దామా అని."

"ఎంతసేపు ఆలోచించావు?"

"మంచినీళ్ళు తాగేంతసేపు."

"నువ్వు నీళ్ళు ఎప్పుడూ గటగటా తాగుతావులే" అంది అనౌన్సరమ్మ. అక్క నవ్వింది, అప్పటికి ఆమె ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది.

మూడున్నరకి మూత పడింది. ఛార్జర్ గోడకు పెట్టారు. నారింజ రంగు దీపం వెలిగింది. ఆ దీపం ఆకుపచ్చగా మారేదాకా కుర్చీని ఎవరూ ముట్టుకోకూడదు. మంచం మీద నుంచి అనౌన్సరమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది, పొయ్యి మీద పెట్టిన పాలు చూసినట్టు. బావగారు ఉంగరం తిరిగి తొడుక్కోబోతే అక్క తీసుకుని, "ఉండు, నేను పెడతా" అంది. ఈసారి సబ్బు అక్కర్లేకుండానే ఎక్కింది, కాస్త బిగుతుగా.

*

సోమవారం తెల్లవారుతుండగా దీపం ఆకుపచ్చగా ఉంది.

భర్త ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. "నేనూ రానా స్టేషన్ దాకా?" అన్నాడు.

"మీరొస్తే మీ చేతులు ఊరుకోవు."

"జేబులో పెట్టుకుంటా."

"ఇంట్లోనే పెట్టుకోండి."

ఆమె మీట ముందుకు నొక్కింది. వీధి ఇంకా నీలంగా ఉంది. పాలవాడి సైకిలు, మూసిన షట్టర్లు, ఎవరో గుమ్మం ముందు నీళ్ళు చల్లిన వాసన. కుర్చీ కింద మోటారు సన్నగా, ఒకే శ్రుతిలో పాడుతోంది. మంగళవారం విన్న నిట్టూర్పు దానిలో లేదు. గుంత దగ్గర కుదిపినప్పుడు ఆమె చెయ్యి తెలియకుండానే ఒక్క క్షణం బిగుసుకుని, తరువాత వదులయింది. ఏమీ లేదు లోపల. ఆమెకు తెలుసు. ఇరవై నాలుగూ అక్క డబ్బాలో ఉన్నాయి.

ర్యాంపు కింద ఇద్దరు కూలీలు లేచి నిలబడ్డారు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. వాళ్ళు అక్కడే ఆగారు.

పైన, మలుపు దాటాక, ఆఫీసరు నోటీసుబోర్డు చదువుతున్నాడు. ఆ నోటీసు రెండేళ్ళనాటిది.

మూడు దీపాలు. ఎక్కుతోంది. మలుపు దగ్గర మీట పక్కకు వంచింది. కుర్చీ తిరిగింది. మూడు దీపాలూ అలాగే ఉన్నాయి. సిమెంటు గోడ మీద ఆమె నీడ ఆమెకన్నా ముందు పైకి పాకుతోంది.

"గుడ్మార్నింగమ్మా" అన్నాడు ఆఫీసరు, నోటీసు నుంచి తల తిప్పకుండా. ఆ తరువాత తిప్పి, "కొత్త బ్యాటరీలా? ఎవరు వేశారు, కంపెనీవాళ్ళా?"

"మా తోటికోడలు."

"మెకానిక్కా ఆవిడ?"

"కుట్టుపనండీ."

"మంచిది" అన్నాడు. గదిలోకి ముందు తనే వెళ్ళి, రికార్డు పెట్టె వైరును గోడ నుంచి ఊడదీసి, చేతికి చుట్టుకుంటూ బీరువా వైపు నడిచాడు.

ఆమె మైకు ముందుకు జరిగింది. అద్దాల బయట స్టేషన్ లేస్తోంది. ఆరో నంబరు ప్లాట్‌ఫాం మీద ఒక ముసలాయన, చంకలో గొడుగు, చేతిలో ఆకుపచ్చ ట్రంకుపెట్టె, కదలబోతున్న బస్సు వైపు ఆయాసపడుతూ పరిగెడుతున్నాడు. ఆ బస్సు బోర్డు ఆమెకు కనిపిస్తోంది, ఆయనకు కనిపించడం లేదు. వారం వారం ఆయన ఎక్కే బస్సు పక్క ప్లాట్‌ఫాం మీద ఉంది.

మైకు స్విచ్చి నొక్కింది.

"ఆకుపచ్చ పెట్టె పట్టుకున్న పెద్దాయనా, పరిగెత్తకండి. మీ బస్సు అది కాదు. మీ ఎడమ పక్కన ఉంది. ఇంకా పది నిమిషాలు ఉంది, నిదానంగా ఎక్కండి."

ముసలాయన ఆగాడు. ఎవరు పిలిచారో తెలియక కప్పు వైపు చూశాడు, గాలిలోకి చూశాడు. తరువాత పెట్టె చెయ్యి మార్చుకుని, ఎడమ పక్కనున్న బస్సు వైపు నిదానంగా నడిచాడు.